దుఖాన్‌కు పంపిన ఫుల్ బ్యాక్

పోయిన శుక్రవారం జుమా నమాజు చదువుకొని వచ్చి, ఈ గల్ఫ్ దేశంలో ముఐథర్ అనే పేటలో నేను అద్దెకుంటున్న గదిలో పప్పుచారు వేడి చేసుకుంటుంటే, తలుపు దగ్గర ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నా గదికి మనుషులు రావడం అరుదు కాబట్టి తలుపు పొరబడ్డారేమో అనుకున్నాను. కాదట, నా కోసమే వచ్చారట. ఇక్కడి మన తెలుగు పిల్లలూ, హైదరాబాదు పిల్లలూ కలిసి ఒక హాకీ జట్టు పెట్టుకున్నారనీ, దాని మంచిచెడ్డలు ఆ ముగ్గురే చూసుకుంటారనీ, నేను ఒకప్పుడు మెసయీద్‌లో కంపెనీ జట్టుకు కెప్టెన్‌గా ఉండి కప్పు గెలిచానని ఎవరో చెబితే సలహా అడగడానికి వచ్చారనీ తెలిసేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉన్న ఒక్క కుర్చీ, మంచం వాళ్ళకిచ్చి నేను బియ్యం డబ్బా మీద కూర్చున్నాను.

వాళ్ళ జట్టులో ఇద్దరు కొత్త ఫుల్ బ్యాకులున్నారు, గోలు ముందు కాపలా కాసేవాళ్ళు. ఇరవై దాటిన పిల్లలు, కాళ్ళలో చురుకుంది గాని ఆటలో ఇంకా కుదురు రాలేదు. వేరే జట్టువాళ్ళు ఆ ఇద్దరినీ తమకిచ్చేస్తే, బదులుగా గోల్స్ కొట్టడంలో ఆరితేరిన ఫార్వర్డ్ ఒకణ్ణి ఇస్తామంటున్నారట. ఇచ్చెయ్యాలా, లేక రెండేళ్ళు ఓపిక పట్టి ఆ పిల్లల్నే తయారు చేసుకోవాలా అన్నది ప్రశ్న. ఆ ఇద్దరినే అడగండి అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకొని నవ్వారు. "వాళ్లకేం తెలుస్తది చాచా, పోరగాళ్లు" అన్నాడు ఒకడు. చాయ్ తాగి, మర్యాదగా సలాం చెప్పి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

నా ఈడువాళ్ళలో గల్ఫ్ చూసినవాళ్ళెవరైనా దీన్ని చదువుతుంటే, ముప్పై ఏళ్ళ కిందటి క్యాంపులు ఎలా ఉండేవో వాళ్ళకు నేను వేరే చెప్పనక్కర లేదు. మెసయీద్‌లో మా కంపెనీ క్యాంపు అంటే రేకుల గదుల వరసలు, గదికి ఎనిమిది మంచాలు, మధ్యలో మెస్సు, చివర వాటర్ ట్యాంకు, ఆ వెనక ఎవరికీ పనికిరాని కంకర నేల. ఆ నేలే మా హాకీ మైదానం. గోల్ పోస్టులు పరంజా పైపులతో బిగించుకున్నవి, వాటికి కట్టిన వల సైటులో నీడకోసం వేసే ఆకుపచ్చ గుడ్డ. నేను స్టోర్ కీపర్ని కాబట్టి, పైపులకు చుట్టే మందపాటి స్పాంజి ముక్కలు కోసి కాళ్ళకు కట్టుకొని గోల్ కీపింగ్ చేసేవాణ్ణి. బంతి తగిలినప్పుడల్లా దుమ్ము లేచేది గాని దెబ్బ మాత్రం తగిలేది కాదు.

ఆ క్యాంపులో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. హైదరాబాదువాళ్ళు కొందరున్నా వాళ్ళది దక్కనీ ఉర్దూ. మా ఇంట్లోనూ దక్కనీయే గాని, నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ వైపు పల్లెలో, వీధిలో ఆడినా, కొట్లాడినా, బడిలో దెబ్బలు తిన్నా అంతా తెలుగులోనే. రెండోవాడు మా ఊరి పిల్లవాడే. వాళ్ళ నాయన నన్ను బావా అని పిలిచేవాడు, ఆ వరసన వాడు నాకు అల్లుడు, నేను వాడికి మామను. వాళ్ళ దేవుడు వేరు, మా దేవుడు వేరు అన్నది మా ఊళ్ళో వరసలకు ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో పరంజా పనికి వచ్చి, మొదటిరోజు మెస్సులో పళ్ళెం పట్టుకొని బిత్తరచూపులు చూస్తూ నిలబడ్డవాడు, నేను ఊరి పేరెత్తి పిలవగానే మామా అని వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి నేను మాట్లాడేవాళ్ళు లేక ఆరేళ్ళ నుంచి తెలుగులో కలలు మాత్రమే కంటున్నాను. ఆ రోజు మేమిద్దరం మెస్సు మూసేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

వాడికి హాకీ రావడం అల్లా చేసిన ఇంకో మేలు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు సారు ఒకాయనుండేవాడు. హాకీ తప్ప వేరే ఆట ఆట కాదనే మనిషి. కర్రలు కొనే స్తోమత లేక వంకర తిరిగిన తుమ్మకొమ్మలు కొట్టించి, వాటితోనే మూడు నాలుగు తరాల పిల్లలకు ఆట నేర్పించాడు. నేనూ ఆయన శిష్యుణ్ణే, పదిహేనేళ్ళ తర్వాత అల్లుడూ ఆయన శిష్యుడే. ఆయన తిట్లు మా ఇద్దరికీ కంఠోపాఠం. పెనాల్టీ కార్నర్ పడినప్పుడు వాటిని ఒకరికొకరం గుర్తు చేసుకొని నవ్వుకునేవాళ్ళం.

అల్లుడు ఫుల్ బ్యాకు. అడ్డుకునే తెగువ ఉంది, దెబ్బలకు వెరవడు, కాని ఆత్రం ఎక్కువ. ఎదుటి ఫార్వర్డ్ బంతితో వస్తుంటే ఆగలేడు, మీదికి పరుగెత్తి కర్ర విసిరేవాడు. తెలివైన ఫార్వర్డ్ అయితే ఒక్క మలుపుతో వాణ్ణి దాటేసి నా ముందుకు వచ్చేసేవాడు. ఫార్వర్డ్ పదిసార్లు తప్పు చేస్తే ఎవరికీ గుర్తుండదు, ఫుల్ బ్యాకు ఒక్కసారి తప్పు చేస్తే అది గోలై కూర్చుంటుంది. అందుకే ఆ చోట ఆడేవాడు కుదురుకోవడానికి ఏళ్ళు పడుతుంది, వెనక నిలబడ్డవాడికి అన్నేళ్ళూ ఓపిక ఉండాలి. నేను గోల్లో నిలబడి ఆటంతా తెలుగులో అరుస్తూనే ఉండేవాణ్ణి. "ఆగురా, ఉరకకు, వాన్నే రానియ్యి, ఎడమకు తోలు" అని. ఎదుటి జట్టువాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అది మాకు పెద్ద బలం. పంజాబీలు, గోవావాళ్ళు, పాకిస్తానీలు నిండిన ఆ మైదానంలో నా మాట వినేవాడు ఒకడున్నాడని నాకు ఎంత ధైర్యంగా ఉండేదో ఇప్పుడు చెబితే నమ్మరు.

చలికాలంలో క్యాంపుల మధ్య శుక్రవారాలు పోటీలు జరిగేవి. మా జట్టు ఎన్నడూ సెమీఫైనల్ దాటలేదు. నాకప్పటికి ముప్పై ఎనిమిది నిండాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కప్పు ఎత్తకుండానే గోల్ పోస్టు వదలాల్సి వస్తుందేమోనని లోపల పురుగు తొలిచినట్టుండేది. మా క్యాంప్ బాస్ పంజాబీ ఆయన, హాకీ పిచ్చి నాకంటే ఎక్కువ. దుఖాన్‌లో మా కంపెనీదే ఇంకో క్యాంపు ఉండేది. అక్కడ గోవా నుంచి వచ్చిన వెల్డరు ఒకడు, ఆటకు ఒక గోల్ తప్పకుండా కొట్టే ఫార్వర్డ్. అక్కడి ఫుల్ బ్యాకులు ముసలివాళ్ళయ్యారు, మీ కుర్రవాణ్ణి ఇస్తే వెల్డరును ఇస్తాం అని దుఖాన్ క్యాంప్ బాస్ కబురు పెట్టాడు.

మా రోజుల్లో ఆటగాళ్ళను మార్చుకోవడమంటే ఏమిటో ఆ ముగ్గురు కుర్రవాళ్ళకు తెలియదు. ఇప్పుడైతే చొక్కా మారుతుంది, అంతే. అప్పుడు ఎవరి క్యాంపులో ఉంటే వాళ్ళ జట్టుకే ఆడాలి. కాబట్టి ఆటగాణ్ణి మార్చాలంటే డ్యూటీ ట్రాన్స్‌ఫర్ కాగితం పుట్టించేవాళ్ళు. మంచం మారుతుంది, మెస్సు మారుతుంది, పక్క మంచంవాడు మారతాడు, పని చేసే సైటు మారుతుంది. మెసయీద్ దేశానికి ఈ పక్క, దుఖాన్ ఆ పక్క, మధ్యలో ఎడారి.

క్యాంప్ బాస్ నన్ను ఆఫీసుకు పిలిపించి, కుర్రవాణ్ణి పంపడం తనకు అంత ఇష్టం లేదనీ, ఇంకో రెండేళ్ళకు మంచి బ్యాకు అవుతాడనీ, అయినా కెప్టెన్‌వు నువ్వు, నీ మాట ప్రకారం చేద్దామనీ అన్నాడు. ఒక్క రోజు గడువు అడిగి ఉంటే ఇచ్చేవాడే. నేను అడగలేదు. నాకు కప్పు కావాలి, రెండేళ్ళు ఆగే మోకాళ్ళు నాకు లేవు. పంపించెయ్యండి అన్నాను. ఆ మాట అనడానికి నాకు పట్టిన సమయం చాయ్ గ్లాసు కింద పెట్టినంత.

కాగితం వచ్చిన సాయంత్రం అల్లుడు స్టోరుకు పరుగెత్తుకొచ్చాడు. "అక్కడ మనోళ్లెవలున్నరు మామా? నాకు హిందీ గూడ సక్కగ రాదు. బాసుకు నువ్వొక్క మాట చెప్పరాదె, నీ మాట ఇంటడు" అన్నాడు. నేను రిజిస్టరులోంచి తలెత్తకుండా, కంపెనీ ఆర్డర్ రా, మన చేతుల్లో ఏముంటుంది అన్నాను. గల్ఫ్‌లో ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఇక ఎవరూ ఏమీ అడగరు. వాడూ అడగలేదు. పైగా నేనే బాధపడుతున్నానేమో అనుకొని, "ఏం గాదు తియ్యి మామా, అలవాటైతది" అని నన్నే ఓదార్చాడు. మర్నాడు పొద్దున పెట్టె, పరుపుచుట్ట, హాకీ కర్ర పికప్ వెనక వేసుకొని చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు.

వెల్డరు మంచి ఆటగాడు, అందులో అబద్ధం లేదు. మనిషీ మంచివాడే. తన గోవా స్నేహితులందరూ దుఖాన్‌లో ఉండిపోయారని సాయంత్రాలు ఒక్కడే వాటర్ ట్యాంకు పక్కన కూర్చునేవాడు. అతన్ని కూడా ఎవరూ అడగలేదన్న సంగతి నాకు అప్పట్లో తట్టనే లేదు. వరసగా గెలిచాం, ఫైనల్ చేరాం. దుఖాన్ జట్టు మొదట్లోనే ఓడిపోయింది. అక్కడి కెప్టెన్ తన పాత మనుషుల్నే ఆడించుకొని, అల్లుణ్ణి ఒక్క ఆటకైనా దించలేదని తర్వాత తెలిసింది.

ఫైనల్ మా కంకర మైదానంలోనే జరిగింది. ఆట మొదలవడానికి ముందు వెనక నుంచి మామా అని వినిపిస్తే తిరిగి చూశాను. సెలవు పెట్టుకొని, రెండు బండ్లు మారి, మా ఆట చూడ్డానికి వచ్చాడు. నా గోల్ పోస్టు వెనక నిలబడి, బయటికి పోయిన బంతులు తెచ్చిస్తూ, ఆట సాంతం నాకు వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు, ఎడమకు జరుగు మామా, ముందుకు రాకు మామా అని. వెల్డరు కొట్టిన ఒకే ఒక్క గోలుతో గెలిచాం. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నవాడు వాడే.

బహుమతులు ఇచ్చేటప్పుడు క్యాంప్ బాస్ కుర్చీ ఎక్కి నిలబడి, ఉబ్బితబ్బిబ్బవుతూ హిందీలో మాట్లాడాడు. ఈ కప్పు మా కప్తాన్ సాబ్ తెలివికి వచ్చింది, ఆ కుర్రవాణ్ణి వదులుకోవడానికి నేనే వెనకాడాను, కాని ఆయన ఒక్క క్షణం ఆలోచించకుండా పంపించెయ్యండి అన్నాడు, నాయకుడంటే అలా ఉండాలి అని. జనం చప్పట్లు కొట్టారు. మూడు నెలల కిందట అయితే అల్లుడికి ఆ హిందీలో సగం కూడా అర్థమయ్యేది కాదు. దుఖాన్‌లో మాట్లాడడానికి తెలుగువాడు ఒక్కడూ లేక, ఆ మూడు నెలల్లో వాడు హిందీ బాగా నేర్చుకున్నాడు.

నేను కప్పు చేతిలో పట్టుకొని వాడి మొహం చూడలేక చూశాను. వాడు జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చి, చెయ్యి కలిపాడు. "మంచిగ ఆడిన్రు సార్" అన్నాడు. బండి టైమైందని వెళ్ళిపోయాడు.

వాడు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రెండు వారాలు నిద్రపట్టక, కంపెనీ బండి పట్టుకొని ఒక శుక్రవారం దుఖాన్ వెళ్ళాను. మర్యాదగా మంచం మీద కూర్చోబెట్టాడు, మెస్సు నుంచి అన్నం తెచ్చి పెట్టాడు. గదిలోవాళ్ళకు అర్థం కాకపోతే బాగుండదనేమో, నాతో కూడా హిందీలోనే మాట్లాడాడు. బాసుతో మాట్లాడి వెనక్కి రప్పిస్తానన్నాను. వద్దు సార్, ఇక్కడ అలవాటైంది అన్నాడు. తప్పు నాదేరా అని అనడానికి మూడు నాలుగు సార్లు నోరు తెరిచాను గాని, అంతమంది మధ్య ఆ మాట పెగల్లేదు. ఆ తర్వాత అంతమంది లేనప్పుడు కూడా పెగల్లేదు. కాంట్రాక్టు పూర్తి చేసుకొని వాడు ఊరికి పోయాడు. సెలవుల్లో ఊళ్ళో ఎదురైతే నమస్తే సార్ అంటాడు, ఆరోగ్యం అడుగుతాడు, పక్కకు తప్పుకొని దారి ఇస్తాడు.

నేను ఇంకో రెండేళ్ళు గోల్లో నిలబడ్డాను. కొత్తగా వచ్చిన బ్యాకులు కుదురైనవాళ్ళే, ఏం చెప్పాలన్నా హిందీలో చెప్పాలి, అందుకని అరవడం తగ్గించేశాను. చివరికి ఆట మొత్తం మాట్లాడకుండానే నిలబడడం అలవాటైంది. నా భార్య పోయాక ఊరికి వెళ్ళడం కూడా తగ్గింది. బిడ్డ హైదరాబాదు నుంచి వారానికోసారి ఫోన్ చేసి, ఇంకా ఆ దుబాయిలో ఏముందని అడుగుతుంది. ఇది దుబాయి కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఎంత మారిపోయింది ఈ దేశం. మా కంకర నేలలో ఇప్పుడు గోదాములు కట్టారు. పిల్లలు లైట్ల కింద, పచ్చటి తివాచీ లాంటి నేల మీద ఆడుతున్నారు. దుఖాన్‌కు నున్నటి రోడ్డు పడింది, గంటలో చేరుకోవచ్చు. ఉత్తరం కోసం పదిహేను రోజులు ఎదురుచూసిన మనుషులం, ఇప్పుడు ఫోనులో ఇంటివాళ్ళ మొహాలు చూస్తూ అన్నం తింటున్నాం. ముఐథర్‌లో బజారుకు వెళితే చాలు, కరీంనగర్ మాట, గుంటూరు మాట, కడప మాట చెవిన పడుతూనే ఉంటాయి. తెలుగు మాట్లాడేవాళ్ళకు ఇక్కడ ఇప్పుడు కొదవే లేదు. అప్పట్లో నాకు ఒక్కడే ఉండేవాడు, వాణ్ణి నేనే పంపించేశాను.