ఎలుగు లేని అడవి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరి పుట్టినరోజుకూ తారీకు ఉండేది కాదు. నేను వరికోతలప్పుడు పుట్టాను, మా చెల్లి ఇప్పపూలు రాలే కాలంలో పుట్టింది. అంతకు మించి ఎవరూ అడిగేవారు కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు. కోంటా దగ్గర సరిహద్దుకు ఇవతల, హిందీ రాష్ట్రం వైపున, తెలుగు మాట్లాడే రైతుల ఊరు మాది. బడిలో హిందీ, సంతలో దోర్లీ, గోండీ, ఇంట్లో తెలుగు. కేకు అనే మాట ఈ నాలుగు భాషల్లోనూ మా చెవిన పడలేదు. అలాంటి ఊళ్లో మా చెల్లికి పుట్టినరోజు చేయాలని మా మామకు బుద్ధి పుట్టింది. ఆ వేసవి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది చిరాకే. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. దోర్నపాల్‌లో జీపు నడిపేవాడు. ఒకసారి ఎవరిదో సామాను దించడానికి కిరండూల్ పోతే, అక్కడ గని ఆఫీసరు ఒకాయన ఇంట్లో చంటిపిల్లాడి పుట్టినరోజు జరుగుతోందట. ఇల్లంతా సముద్రంలా చేశారట. గోడలకు నీలం కాయితాలు, దూలాలకు వేలాడే కాయితపు చేపలు, పిల్లల నెత్తిన చేప టోపీలు. దీన్నే ఇప్పటివాళ్లు థీమ్ అంటున్నారు. మామకు ఆ మాట తెలియదు. ఇల్లు మొత్తం ఒక్కటే ముచ్చట మీద నడిచిందని చెప్పేవాడు. చెప్పిందే చెప్పేవాడు.

ఆ ఏడు మా ఇంట్లో ఒక కష్టం ఉంది. పూల కాలం మొదట్లో అమ్మ చెల్లిని వెంటబెట్టుకుని తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికి పోయింది. చెట్టు కింద ఎలుగుబంటి ఎదురైంది. అమ్మ గంప వదిలేసి, చెల్లిని చంకనేసుకుని ఊరిదాకా పరుగెత్తింది. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి చెల్లి గడప దాటితే ఒట్టు. అమ్మ కొంగు వదలదు, అమ్మను అడవికి పోనివ్వదు. మా పూలన్నీ ఊరివాళ్లు ఏరుకున్నారు. రేపో మాపో బీడీలకు అమ్మే తునికాకు కోతలు మొదలవుతాయి, అప్పుడూ అమ్మ ఇంట్లో కూర్చుంటే ఏడాదంతా ఎట్లా గడుస్తుందని నాన్న దిగులు పడేవాడు. తాయెత్తు కట్టించారు. కసిరారు. బుజ్జగించారు. వచ్చినవాళ్లందరూ ఎలుగు లేదమ్మా, ఏమీ లేదమ్మా అని తల నిమిరి పోయేవాళ్లు. చెల్లి మాత్రం గడప మీదే కూర్చునేది.

మామ వచ్చి అంతా చూశాడు. దాన్ని అడవికి తీసుకుపోలేం గనక అడవినే ఇంటికి తెద్దాం అన్నాడు. పుట్టినరోజు పేరు పెట్టి ఇల్లంతా అడవి చేస్తాడట. చుట్టూ మైళ్ల కొద్దీ అడవి ఉన్న ఊళ్లో, ఇంట్లో ఇంకో అడవి. మా నాయనమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు.

నాయనమ్మకు అతను కోడలి తమ్ముడు. చుట్టంగా వచ్చినవాణ్ణి మొహం మీద ఒక మాట అనలేదు. అందుకని అతన్ని అనాల్సినవన్నీ నన్ను అనేది. మామ అట్టపెట్టెలు మోసుకొస్తే, ఇల్లు సంతలా చేశావేందే అని నన్ను తిట్టేది. మామ రంగు కోసం పొయ్యి దగ్గరి మసంతా గీకి తీస్తే, ఆడపిల్లవు నీకు సిగ్గుండాలి అని నాకే పడేది. మామ ఇదేదీ పట్టించుకునేవాడు కాదు. నాయనమ్మ కసురుతున్నప్పుడే నా చేతికి ఇంకో పని ఇచ్చేవాడు.

పనంతా నాదే. పనస కొమ్మలు నేనే తెచ్చాను. పిండి బంక నేనే ఉడికించాను. పిల్లలు మొహానికి కట్టుకునేందుకు అట్టల మీద జంతువుల మొహాలు గీయడం మాత్రం మామ ఎవరికీ ఇవ్వలేదు, అతనికేమో గీత రాదు. అతను గీసిన జింక మా మేకపిల్లలా ఉంది. నెమలికి కోడిపెట్ట మొహం వచ్చింది. నేను పసుపూ ఎర్రమన్నూ పూసి వాటిని కాస్త దారికి తెస్తే, అతను మళ్లీ వచ్చి మీసాలు పెట్టేవాడు. జింకకు మీసాలు ఏంటని నేను అడిగితే, బాగుంటాయిలే అనేవాడు. కుందేలు, చిలక, ఉడుత, అన్నీ ఉన్నాయి. ఎలుగు ఒక్కటి లేదు. ఆ మాటే ఎత్తొద్దని అమ్మ ముందే గట్టిగా చెప్పింది.

కేకు కోసం నాయనమ్మ చేత బియ్యప్పిండీ బెల్లమూ కలిపి ఆకుల్లో ఆవిరికి ఉడికించాడు. దాన్ని కొండలా నిలబెట్టాలన్నాడు. అది నిలబడలేదు. దోర్నపాల్ నుంచి తెచ్చిన కొవ్వొత్తులు జీపులో ఎండకు మెత్తబడి పొట్లకాయల్లా వంగిపోయాయి. పైగా వాటిని వెలిగించి ఊదాలన్నాడు. పుట్టిన రోజున దీపం ఆర్పుకుంటారా అని నాయనమ్మ, ఎప్పటిలాగే నన్ను అడిగింది. చివరికి వెలిగించడమే, ఊదడం లేదన్న ఒప్పందం కుదిరింది.

ఆ రోజు పొద్దు వాలగానే వాకిట్లో పందిరికి కొమ్మలు కట్టాం. నిజం చెప్పాలంటే బాగుంది. పచ్చగా, నీడగా, మధ్యమధ్యలో అట్ట చిలకలు ఊగుతూ. నేను వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి వచ్చేలోపు మా మేకలు దడి తోసుకుని వచ్చి అడవిని ఒక పక్క నుంచి తినడం మొదలుపెట్టాయి. నేను కర్ర పట్టుకుని వాటి వెంట పడ్డాను. సరిగ్గా అప్పుడే పిల్లలంతా వచ్చారు, తెలుగువాళ్లూ దోర్లవాళ్లూ కలిసి. వచ్చీ రాగానే మొహాల కోసం కొట్టుకున్నారు. అందరికీ నెమలే కావాలి. ఉడుత ఎవరికీ వద్దు. కుందేలు చెవి ఊడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా చెల్లి కొత్త గౌను వేసుకుని గడప మీద కూర్చుని అంతా చూస్తోంది. నవ్వదు, ఏడవదు, రమ్మంటే రాదు. ఒక్కొక్క మొహాన్నీ వెతికి వెతికి చూసి, చివరికి అడిగింది.

"మామా, ఎలుగేది?"

అమ్మ మామ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మామ తడబడి, ఈ అడవిల ఎలుగు లేదు బిడ్డా అన్నాడు.

"అట్లయితే ఇది అడవి కాదు" అంది చెల్లి. కోపంగానే అంది. మా అందరి మీదా విసిగిపోయినట్టు ఉంది ఆ గొంతు.

నాయనమ్మ, పోనీలే తల్లీ, ఎలుగు లేదు, ఏమీ లేదు అని మొదలుపెట్టింది. మామ చెయ్యి అడ్డంపెట్టి ఆమెను ఆపాడు. ఆమెను అట్లా ఆపినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. అతను పందిరికి వేలాడుతున్న జింకను తెంపాడు. మూడు పూటలు నేను దిద్దిన జింక. దాని మొహం నిండా మసి పూసేశాడు. నాకు కడుపు మండిపోయింది. అతను వచ్చి చెల్లి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నేనెన్నడూ దగ్గర్నుంచి చూడలే. నువ్వు చూసినవ్ కద. ఎట్లుంటదో చెప్పు."

చెల్లి ఆ అట్టనే తేరిపార చూసింది. అతను తొందరపెట్టలేదు. తర్వాత, మూతి అట్లా ఉండదు అంది. పొడుగ్గా ఉంటదట. అతను దిద్దాడు. అట్లా కూడా కాదంది. గొంతు కింద తెల్లటి గీత ఉందంది. అతను సున్నంతో గీస్తే, ఆ గీత వంపు అట్లా కాదంది. చెప్పి చెప్పి విసుగొచ్చి, గడప దిగి వచ్చి అట్ట లాక్కుని తన వేలితోనే గీసింది. అది గడప దిగిన సంగతి మేమందరం చూశాం.

మామ లోపలికి పోయి నాన్న నల్ల గొంగడి కప్పుకుని వచ్చాడు, ఆ అట్ట మొహానికి కట్టుకుని. చేతులు నేలకానించి గుర్రుమంటూ పాకాడు. అమ్మ వద్దురా అంటూ ముందుకు రాబోయింది. చెల్లి రెండడుగులు వెనక్కి వేసింది, అక్కడే ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అట్ల అరవలే" అంది. "అది మమ్మల్ని చూడనే లేదు. పూలు తింటున్నది."

అమ్మ వచ్చి చెల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఆ పొద్దున ఆమె పరుగెత్తిందే గాని వెనక్కి తిరిగి చూడలేదు. చంకలో ఉన్న చెల్లి అమ్మ భుజం మీదుగా చూస్తూనే ఉంది. ఎలుగు వెంట పడలేదని, పూలు తింటూ అక్కడే ఉండిపోయిందని ఆ ఇంట్లో ఎరిగింది చెల్లి ఒక్కతే. దాన్ని ఎవరమూ అడగలేదు.

తర్వాత మామ పూలు తినే ఎలుగైపోయాడు. మా చెల్లి ఎట్లా తినాలో చెబుతుంటే, ముక్కు నేలకు రాస్తూ వాకిలంతా తిరిగాడు. పిల్లలందరికీ ఎలుగే కావాల్సి వచ్చింది. నెమళ్లకూ చిలకలకూ మసి పూసేశారు. నేను పూసిన పసుపూ ఎర్రమన్నూ అన్నీ నల్లబడ్డాయి. మిగిలిన పందిరిని మేకలు తీరిగ్గా తిన్నాయి. కొత్త గౌను మళ్లీ గౌను కాలేదు. బెల్లం ముద్ద మాత్రం అందరికీ సరిపోయింది. నేను ఒక మూల కూర్చుని, నా ముద్ద నేను తిని, మామతో రెండు రోజులు మాట్లాడలేదు.

చెల్లి మర్నాడే అడవికి పరుగెత్తిందని చెబితే అబద్ధం. మర్నాడు వాకిలి దాకా వచ్చింది. తర్వాత దడి దాకా. దారి పొడుగునా ఎలుగు గురించే చెప్పేది, మేము విన్నదే మళ్లీ మళ్లీ వినిపించేది. తునికాకు కోతలకు అమ్మ చెయ్యి పట్టుకుని పోయింది. భయం పూర్తిగా పోలేదు. ఎలుగంటే ఆ మాత్రం భయం ఉండాల్సిందేనని నాయనమ్మ అంది, ఆ మాట నిజమే. మామ ఆ వేసవంతా వచ్చినప్పుడల్లా దాని పక్కన కూర్చుని, మొదటిసారి వింటున్నట్టే వినేవాడు.

నేను పెళ్లయి ఈ దోర్నపాల్‌కే వచ్చాను. పిల్లల్ని పెంచాను, మనవల్ని పెంచుతున్నాను. పిల్లలు ఉలిక్కిపడి లేస్తే ఏమీ లేదు పడుకో అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, ఎట్లుంది చెప్పు అని అడుగుతాను. పెద్దవాళ్లనూ అట్లాగే అడుగుతాను. మొన్న పక్కింటావిడ ఆసుపత్రి నుంచి వచ్చి కూర్చుంది. అక్కడ జరిగిందంతా చెప్పిందే చెప్పింది, చెప్పినదాన్ని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తోంది. నాకు చిరాకు ముంచుకొచ్చింది. అయినా ఆమె చెప్పడం అయ్యేదాకా నేను లేవలేదు.