తొమ్మిదో ఇల్లు

ఈ ఉదయం మలంచా రోడ్డులో ఆటో దిగుతుంటే తడిసిన సిమెంటు వాసన తగిలింది. కొత్త శ్లాబుకు ఎవరో గొట్టంతో నీళ్లు పడుతున్నారు. ఇళ్ల బొమ్మలు చేసి బతుకుతున్నదాన్ని, ఆ వాసనకే అక్కడ నిలవలేకపోయాను. రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడిచాను. నవ్వితే నవ్వండి. ఆ వాసన వస్తే నాకు సింహాచలం మాస్టారు గుర్తొస్తారు.

మాస్టారి పెద్దవాళ్లది శ్రీకాకుళం వైపు. తాతల కాలంలోనే రైల్వే పని కోసం ఈ ఖరగ్‌పూర్ వచ్చేశారు. ఆయన వర్క్‌షాపులో డ్రాయింగులు గీసి రిటైరయ్యాక, మలంచాలో తన ఇంటి ముందు గదిలో ప్లాన్లు గీసే ఆఫీసు పెట్టారు. నేను సుభాష్‌పల్లి నుంచి సైకిలు మీద వెళ్లి అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఇంకా పునాది కూడా తియ్యని ఇంటిని కట్టేసినట్టు చూపించడం నా పని. గోడకు రంగు, కిటికీలో ఎండ, గుమ్మం పక్కన పూలకుండీ. ఇంటివాళ్లు నోరు తెరుచుకుని చూసేవారు, నాకు కొమ్ములు మొలిచేవి. మాస్టారు మాత్రం కళ్లజోడు పైకి తోసి, "బొమ్మకి బరువుండదమ్మా. ఇంటికుంటాది," అనేవారు. ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఒక టీచరమ్మ ఇంటి బొమ్మ చేస్తున్నప్పుడు వరండా మూల స్తంభం సరిగ్గా గుమ్మానికి అడ్డొచ్చింది. ఒక్క నొక్కుతో మాయం చేశాను. బొమ్మలోనే కదా, కట్టేటప్పుడు ఉంటుందిలే అనుకున్నాను. మాస్టారు ఆ వారం జ్వరంతో పడుకున్నారు. ఆయనకు చూపించకుండానే పెద్దదిగా అచ్చు వేయించి ఇచ్చేశాను. మా ఊళ్లో చాలా చోట్ల ప్లాను కాగితం ఇంటివాళ్ల బీరువాలో ఉంటుంది. రంగుల బొమ్మ మాత్రం ప్లాస్టిక్ కవరులో పని జరిగేచోట వేలాడుతుంది, పునాది పడ్డాక మేస్త్రీ దాన్ని చూసే కడతాడు. ఈ సంగతి నాకు తెలుసు. తట్టలేదంతే.

జ్వరం తర్వాత జ్వరం తగిలి మాస్టారు మూడు నెలలు దాటాక గాని ఆఫీసుకు రాలేదు. వచ్చిన రోజే నా తెర మీద ఆ బొమ్మ చూశారు.

"ముందు మూల పిల్లరేదీ?"

"బొమ్మ కోసం దాచినాను మాస్టారూ."

ఆయన ముఖంలో నెత్తురు లేదు. "శ్లాబు ఢలాయి ఐపోనాదేటి?"

కాంక్రీటు పోసేసి మూడు వారాలైంది. కింద ఆసరాగా పెట్టిన వెదుళ్లు తీసే రోజు అదే. బ్యాటరీ రిక్షా, మా ఊళ్లో టోటో అంటాం, అందులో ఇద్దరం అక్కడికి పరుగెత్తాం.

స్తంభం రావాల్సిన చోట పునాదిలోంచి లేచిన ఇనుప చువ్వలను నేల మట్టానికి కోసేశారు. వెదుళ్లు సగం తీసేశారు. శ్లాబు కింద ఒక కూలీ మనిషి వంగి ఇంకొకటి లాగుతోంది. నేను కేకవెయ్యబోతే మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. "అరవకు. బెదిరి లాగేస్తాది." బయటే నిలబడి, ఎండన పడి వచ్చిన మనిషిలా, "మా, ఏక్టు జల్ దేబే?" అని ఆమెను తాగడానికి నీళ్లు అడిగారు. ఆమె వెదురు వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నడిచి వచ్చింది. ఆ నాలుగు అడుగులకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బయట కుండలోంచి ఆమె ముంచి ఇచ్చిన లోటా నీళ్లను మాస్టారు చివరిదాకా తాగేశారు.

మేస్త్రీ ఆ బొమ్మ చూపించి, "దీదీయే కదా తీసేసింది," అన్నాడు. అతణ్ణేమనను? మళ్లీ వెదుళ్లు నిలబెట్టించి, స్తంభం లేపేదాకా మాస్టారు రోజూ అక్కడే కూర్చున్నారు. టీచరమ్మకు తప్పు తనదని చెప్పారు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇలాగ ఇంకెన్నింట్లో దాచినావు?" అని మాత్రం అడిగారు.

పాత ఫైళ్లన్నీ తెరిస్తే ఇంకో తొమ్మిది తేలాయి. ఒక్కో ఇంటికీ ఇద్దరం వెళ్లాం. మాస్టారు టీ కూడా వద్దని, స్తంభానికి అరచెయ్యి ఆనించి, నా వైపు తల ఊపేవారు. ఎనిమిది ఇళ్లలో స్తంభాలున్నాయి. తొమ్మిదో ఆయన ప్లాను వేరేచోట గీయించి, మా దగ్గర బొమ్మ మాత్రం చేయించుకున్నాడు. ఎక్కడో పల్లెలో కడతానన్నాడు. ఏ పల్లెనో నేను అడగలేదు, అతని ఫోను పని చెయ్యడం లేదు. రెండేళ్లు వెతికాం. నేను ఏడిస్తే మాస్టారు, "నాకూ బయమేనమ్మా," అనేవారు. ఆ మాట వల్లే మర్నాడు మళ్లీ వచ్చి పనిలో కూర్చోగలిగేదాన్ని.

ఆయన మంచం పట్టాక చూడ్డానికి వెళ్లాను. గొంతు సరిగ్గా రావడం లేదు.

"ఆ తొమ్మిదోది దొరికినాదేటి?"

"దొరికినాది మాస్టారూ. నిన్ననే ఎల్లి సూసినాను. పిల్లరుంది."

"సెయ్యి ఆనించి సూసినావా?"

"సూసినాను."

"అమ్మయ్య," అని కళ్లు మూసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం పోయారు.

ఇప్పుడు ఆ ఆఫీసు నేనే నడుపుతున్నాను. "బొమ్మ వరకే కదా, ఆ పిల్లరు తీసెయ్యి," అన్నవాళ్లను వేరేచోటికి పొమ్మంటాను. పొగరంటారు. అననీ. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ భయాన్ని చెరిసగం మోశాం. తొమ్మిదోది దొరికిందని అబద్ధం చెప్పి ఆయన సగం కూడా నేనే తీసుకున్నాను, అందుకు విచారం లేదు. పేపర్లో ఎక్కడ శ్లాబు కూలిందని కనబడినా ఊరి పేరు తర్వాత చదువుతాను. ముందు, కింద ఎవరైనా ఉన్నారా అని చూస్తాను.