మెర్దెకా నాడు ఆగని ఇంజను

మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, అంటే మేమంతా మెర్దెకా అని పిలుచుకునే రోజున, దేశం దేశమంతా తలెత్తుకుని నిలబడింది. సరిగ్గా ఆ రోజే నా పరువు బాగన్ దాతుక్ రోడ్డు మీద నలుగురూ చూస్తుండగా ఊరేగింది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు. మా తోటలో ఇంతకాలంగా నవ్వుతూనే ఉన్నారు, మీరూ ఓ చెయ్యి వేస్తే కొత్తగా పోయేదేమీ లేదు.

అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలతో తెల్లదొరల పోరు నడుస్తున్న ఎమర్జెన్సీ రోజులవి. మా కొబ్బరి తోట చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకీలతో కాపలావాళ్ళు. చీకటి పడేలోపు లోపలికి రాకపోతే ఇక అంతే సంగతులు. అంత కట్టడిలోనూ గేటు దాటి దర్జాగా తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే తోట మొత్తానికి ఉన్న ఒకే ఒక్క పెట్రోలు లారీకి డ్రైవర్ని. నేను హారను కొడితే పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు. నన్ను నేను చిన్న సైజు దొర అనుకునేవాణ్ణి.

ఇంతలో ఆ డీజిలు ట్రాక్టరు దిగింది. దాన్ని మా పెద్దమ్మ కొడుకు సింహాచలం చేతికిచ్చారు. ఇక చూడండి నా కడుపుమంట! వానాకాలంలో తోట కాలవగట్ల మీద నా లారీ చక్రాలు బురదలో కూరుకుపోతే, ఆ ట్రాక్టరు డుగడుగమంటూ వచ్చి నన్నూ, లారీనీ, కొబ్బరికాయల్నీ కలిపి బయటికి లాగేది. దానికి దగ్గు లేదు, పడిశం లేదు, అలక అసలే లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పెద్దమ్మ కొడుకు ట్రాక్టరు పుల్లకూర కాదండీ, పచ్చి విషం. రోజూ దాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి.

ఆ నిప్పుల మీద నెయ్యి పోసింది మా మేనమామ.

"ఇంజనంటే అదిరా అప్పన్నా! నమ్ముకోడానికి ఉండాల. ఇంజనైనా, మనిసైనా!"

"నా లారీకేటి తక్కువ మావయ్యా?"

"నీ లారీ ముసల్ది లా. ఎక్కడ కూకుంటాదో దానికే తెల్దు." అని, మలయావాళ్ళందరిలాగే మాట చివర ఓ 'లా' తగిలించి, ఊరుకున్నాడా? "మెర్దెకా అయిపోనాక మా పైడితల్లికి సంబంధం సేసేత్తాను. మీరిద్దరూ మేనల్లుళ్ళే. ఎవుడు నమ్మకస్తుడో సూసి ఇచ్చేత్తాను" అన్నాడు.

పైడితల్లి ఆయన కూతురు. ఆ పిల్ల ఓరచూపు కోసం నేను లారీని రోజుకి రెండుసార్లు అవసరం లేకుండా కడిగేవాణ్ణి. ఆ చూపేమో పక్కనున్న ట్రాక్టరు మీద వాలేది. అప్పుడు నాకెలా ఉండేదో వేరే చెప్పాలా?

మెర్దెకా రోజు తోటంతా కలిసి బాగన్ దాతుక్ మైదానానికి బయల్దేరాలని నిర్ణయించారు. ముందు జెండా కట్టిన ట్రాక్టరు, దాని ట్రైలరులో ఆడవాళ్ళు, ఆడపిల్లలు. వెనక నా లారీలో ముసలివాళ్ళు, డప్పులు. అంటే జెండా వాడికి, పైడితల్లి వాడికి, దగ్గులూ డప్పులూ నాకు!

మా తోటలో ఒక ఆచారం ఉంది. బండి శుభకార్యానికి బయల్దేరితే, ఇంజను నడుస్తుండగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, రామమందిరం ముందు కొబ్బరికాయ కొట్టాలి. కాయ కొట్టాక గమ్యం చేరేదాకా ఇంజను ఆగకూడదు. ఆగితే అపశకునం. ఆ బండిని ఆ రోజు ఎవరూ నమ్మరు. ఇది గుర్తుకు రాగానే నా బుర్రలో బంగారంలాంటి ఆలోచన వెలిగింది. కాయ కొట్టగానే ట్రాక్టరు తాళం తిప్పేస్తే సరి! ఇంజను ఆగుతుంది, జెండా నా లారీ ఎక్కుతుంది, జెండా వెనకాలే పైడితల్లి.

రామమందిరంలో పూజలు చేసే పైడయ్య తాత రెండు బండ్లకీ కాయలు కొట్టాడు. సింహాచలం కిందికి దిగి హారతికి కళ్ళు మూసుకున్నాడు. స్టీరింగుకి దండ వేసే వంకతో ట్రాక్టరెక్కి తాళం తిప్పాను, పీకాను, మొలలో దోపుకున్నాను.

డుగడుగ డుగడుగ.

తాళం నా మొలలో ఉంది, ఇంజను మాత్రం పాడుతూనే ఉంది! సరిగ్గా తిప్పలేదేమో అనుకుని బ్యాటరీ తీగ కూడా ఊడబెరికాను. డుగడుగ. నా చెమట దండ మీద కారుతోంది.

"అప్పన్నా, ఏటి సేత్తన్నావురా అక్కడ?" అన్నాడు సింహాచలం.

"దండం... దండం పెడతన్నానురా!"

పైడయ్య తాత కరిగిపోయాడు. "సూడండ్రా ఈడి బుద్ది! పోటీగాడి బండికి కూడా మొక్కుతన్నాడు!"

ఆ క్షణంలోనే నా వెనక ఏదో వెలితిగా అనిపించింది. ఎండలో ఇంజను నడుస్తుండగానే నిలబెట్టి వచ్చిన నా లారీ ఒకసారి దగ్గి, కళ్ళు తేలేసింది.

"ఓలమ్మో! కాయ కొట్టినాక ఆగిపోనాది!"

"బేగి తిప్పేత్తాను తాతా!"

"ముట్టుకోకు! తిప్పినావంటే అరిష్టం. తాడు కట్టి లాగించుకో!"

అలా సింహాచలం ట్రాక్టరు, దాని వెనక ట్రైలరు, ట్రైలరు వెనక తాడు, తాడు చివర నేను. ఇంజను లేని లారీలో స్టీరింగు పట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. దారి పొడుగునా జనం "మెర్దెకా!" అని అరుస్తున్నారు. నేనూ చెయ్యెత్తి "మెర్దెకా!" అనక తప్పలేదు. అందరికీ ఆ రోజు కట్లు తెగాయి, నాకు కొత్తగా కట్టారు. ట్రైలరు చివర నా వైపు తిరిగి కూర్చున్నది ఎవరనుకున్నారు? పైడితల్లే! ఇన్నేళ్ళూ ఏ చూపు కోసం అలమటించానో, ఆ చూపు దారంతా నా మీదే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మైదానం చేరాక సింహాచలం మోకాలి పక్కనున్న చిన్న పిడిని లాగాడు. ఇంజను బుద్ధిగా ఆగింది. నా నోరు ఊరుకోదు కదా.

"ఒరే, తాళంతో ఆగదేటి?"

"డీజిలురా లా! తాళం రాజేయడానికే. ఆపాలంటే ఈ పిడి లాగాల. నీకేటి ఈ సందేహం?"

వాడి సందేహం సాయంత్రం తీరింది. పొద్దు వాలుతోంది, గేటు మూసేస్తారు, ముసలివాళ్ళు కంగారు పడుతున్నారు, తాళం మాత్రం కనబడదు. తోటంతా గడ్డిలో వంగి వెతుకుతోంది. కాసేపు నేనూ వాళ్ళతో వంగాను. ఒక ముసలమ్మ ఏడుపు మొదలెట్టేసరికి సిగ్గు చచ్చి మొలలోంచి తాళం తీశాను. తీగ కూడా నేనే తగిలించాను.

మావయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంక సెప్పేదేటుంది? పిల్ల సింహాచలానికే."

"నాకొద్దు అయ్యా" అంది పైడితల్లి అందరి ముందూ. "అప్పన్న బావనే సేసుకుంటాను."

"ఏటే! ఈ ఆగిపోనోడినా?"

"ఆ ఇంజనాగదు, ఆ బావా ఇంటికాడ ఆగడు. పొద్దస్తమానం దానిమీదే కూకుంటాడు. ఈ బావైతే ఎక్కడికీ పోలేడు కదా!"

పెళ్ళయింది. గెలిచాననే అనుకున్నాను. కానీ ఇప్పటికీ మా కారు ఒక్కసారి దగ్గితే చాలు, "సింహాచలం బావ ట్రాక్టరైతేనా..." అని నిట్టూరుస్తుంది. నా కళ్ళల్లో మళ్ళీ అవే నిప్పులు.

అందుకని రామయ్య సాక్షిగా, మీ అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి ఇంజను చూసీ కుళ్ళుకోను. ఒకవేళ కుళ్ళుకోక తప్పకపోతే, ముందు అది ఎక్కడ ఆగుతుందో మర్యాదగా అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే కుళ్ళుకుంటాను.