యూరియా కవరు సలహా

2006 ప్రాంతంలో కొత్తపేటలో టీచరుగా ఉండేదాన్ని. నెట్ సెంటర్‌లో కూర్చుని, తక్కువ సామానుతో హిమాలయాల్లో నడిచే తెలుగువాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. సంచిలో బట్టలు తడవకుండా ఏం కొనాలని ఒకరు అడిగితే, "యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు చాలండి. మా ఇంట్లో విత్తనాలు అందులోనే దాస్తాం" అని రాశాను.

"మీరెన్ని కొండలెక్కారు?" అని గ్రూపు పెద్ద సుభద్రగారు అడిగారు.

"ఒక్కటీ ఎక్కలేదండి. మా కోనసీమలో కొండల్లేవు" అని రాశాను. అందరూ నవ్వుతూ జవాబులు పెట్టారు.

ఆ వేసవిలో వాళ్లతోనే మొదటిసారి కొండెక్కాను. దారిలో వడగళ్ల వాన పట్టుకుంది. గుడారం చేరేసరికి సుభద్రగారి ఖరీదైన సంచిలోకి నీళ్లు దిగి, బట్టలన్నీ తడిసిపోయాయి. ఆవిడ పెదాలు నల్లబడి, వణుకుతో మాట తడబడుతుంటే నాకు భయం వేసింది. తడి బట్టలు మార్పించి, నా కవరు విప్పి పొడి స్వెటరు తొడిగి, దుప్పటి కప్పాను. గుడారమంతా యూరియా కంపు కొట్టింది.

కాసేపటికి ఆవిడకు వణుకు తగ్గింది. ముక్కు మూసుకునే, "సత్యవతిగారూ, ఇలాంటి కవరు నాకొకటి దొరుకుతుందా?" అన్నారు.

"ఆయ్, మా ఇంట్లో బోలెడున్నాయండి" అన్నాను.

కొండెక్కని మనిషి మాటలోనూ పనికొచ్చేది ఉండొచ్చు. కాకపోతే ఇప్పుడు ఆ సలహా ఇచ్చేటప్పుడు, కవరు ముందు బాగా కడిగి ఎండబెట్టమని కూడా చెబుతున్నాను.

— సత్యవతి, కొత్తపేట