ముప్పై ఒక్క టిక్కులు

మా తోడికోడలంటే నాకు కుళ్లు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ గొడవుండదు. తర్వాత మీరే కనిపెట్టి, "అబ్బో, ఈవిడకెంత అసూయో" అని మూతి తిప్పుకునే శ్రమ తప్పుతుంది.

ఆమె మా మరిది భార్య. పెద్ద లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది, రోజుకు నూట ఇరవై. ముందు కాలర్, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, చివరికి వీపు. ఆ వరస తప్పితే ఆమెకు ఊపిరాడదు. కుడి మణికట్టు మీద నాలుగు కాలిన మచ్చలున్నాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూతకు నవల ఆనించుకుని తింటూ చదువుతుంది, అయినా తిరిగొచ్చిన పుస్తకం మీద ఒక్క మరక ఉండదు. పదో తరగతి తప్పిన మనిషి. నేను డిగ్రీ పాసై, ఇరవై రెండేళ్లుగా అద్దె పుస్తకాల లైబ్రరీ నడుపుతున్నాను. అయినా ఇంట్లో ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా ఆమెనే అడుగుతారు. ఒళ్లు మండదూ?

మా లైబ్రరీలో ఒక అలవాటుంది. ప్రతి నవల చివర నాలుగు తెల్ల కాగితాలు అంటిస్తాను. చదివినవాళ్లు వాటి మీద అభిప్రాయం రాయొచ్చు. పేరుండదు, కార్డు నంబరు మాత్రమే. నచ్చినవాళ్లు కింద టిక్కు పెడతారు. ఏ నంబరు ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. మా తోడికోడలిది రెండొందల పన్నెండు. ఏడో నంబరు నాది. లైబ్రరీ ఆవిడే రాస్తోందని తెలిస్తే మొహమాటానికి టిక్కులు పెట్టేస్తారేమోనని దాచిపెట్టాను. ఆ భయమే అక్కర్లేకపోయింది.

కిందటేడాది వచ్చిన సైన్స్ ఫిక్షన్ నవల ఒకటి అందరినీ పట్టుకుంది. ఎక్కడో ఒక గ్రహం మీద జనం చదరంగం లాంటి ఆట ఆడతారు. పందెం ఆయుష్షు. ఓడినవాడికి మిగిలిన ఏళ్లన్నీ గెలిచినవాడికి పోతాయి. హీరో ముప్పై ఏడు ఆటలు వరసగా గెలుస్తాడు. ఆఖరి ఆట చిన్ననాటి స్నేహితుడితో. అందులో చిన్నపిల్లలు కూడా చేయని తప్పు చేసి ఓడిపోతాడు. ఎందుకో చెప్పకుండా రచయిత కథ ఆపేశాడు.

ఇక చూడండి! మందుల షాపాయన "రచయితకు కాగితాలు అయిపోయినట్టున్నాయి" అని రాశాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు "మొదటి సగం అద్భుతం, రెండో సగానికి నిద్రపోయాను, తప్పు నాదో పుస్తకానిదో తెలియదు" అన్నారు. నేను ఒకటిన్నర పేజీ రాశాను. అంతటి ఆటగాడు అలా ఓడడం కుదరదనీ, రచయిత చేయి జారిందనీ, నాలుగు కారణాలతో సహా. నాకు రెండు టిక్కులొచ్చాయి. అందులో ఒకటి నేనే ఆకుపచ్చ పెన్నుతో పెట్టుకున్నాను.

రెండొందల పన్నెండుకు ముప్పై ఒకటి. ఆమె ఏం రాసిందో నేను చదవలేదు. చదవడం నా పరువుకు తక్కువ. టిక్కులు మాత్రం రోజూ సాయంత్రం లెక్కపెట్టేదాన్ని.

అంతలో ప్రచురణకర్త ఉత్తరం వచ్చింది. మీ పాఠకులకు బాగా నచ్చిన అభిప్రాయం ఒకటి పంపండి, రెండో ముద్రణ వెనక అట్ట మీద వేస్తాం అని. నా రాత అచ్చులో చూసుకోవాలని ఎన్నేళ్ల కోరికో! పంపేది నేనే. అక్కణ్నించి వచ్చి టిక్కులు లెక్కపెట్టేదెవరు?

పుస్తకాన్ని బైండింగు పేరు చెప్పి బల్ల మీదికి తెచ్చాను. ఆమె కాగితాన్ని అట్టకు అంటించేస్తే పీడా పోతుంది. బ్రష్షు జిగురులో ముంచాను. అంటించేముందు ఏముందో చూద్దామని మొదటిసారి చదివాను.

"హీరో తప్పు చేయలేదు. ఆఖరి ఎత్తుకు ముందు అతను బోర్డు చూడడు, ఎదుటి మనిషి ముఖం చూస్తాడు. కావాలని ఓడేవాళ్లు అలాగే చూస్తారు. మా ఇంట్లో ఒకరితో నేను ప్రతి ఆదివారం చదరంగం ఆడతాను. పదహారేళ్లుగా ఓడిపోతున్నాను. గెలవడం కంటే అదే కష్టం, ఎదుటివాళ్లకు తెలియకూడదు కదా."

జిగురు కారి చీర మీద పడింది. ఆ ఒకరు నేనే. ఆ గెలుపులు మా అత్తగారికి చెప్పుకుని ఎన్నిసార్లు చంకలు గుద్దుకున్నానో! ఆడుతున్నంతసేపూ ఆమె నా ముఖంలోకి చూస్తుంటే, భయపడుతోందనుకున్నాను. ముప్పై ఒక్కమంది ఇది చదివి టిక్కు పెట్టారు. తల కొట్టేసినట్టయింది. అంటించనూలేదు, పంపనూలేదు.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద ఆమె పావులు పేర్చింది.

"ఈసారన్నా ఆడు," అన్నాను.

"ఆడుతూనే ఉన్నాగా అక్కా?"

"నాటకాలొద్దు. నువ్వు రాసింది చదివాను."

ఆమె చేతిలో బంటు అలాగే ఆగిపోయింది. దాన్ని గడిలో పెట్టి ఆట మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు. పావుగంటలో నా మంత్రి పోయింది, ఇంకో ఐదు నిమిషాలకు రాజు. చొక్కా మడతపెట్టినంత తీరుగా నన్ను మడతపెట్టేసింది.

"పదహారేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావు కదే!"

"ఒకసారి గెలిచాను అక్కా. కాపురానికొచ్చిన మొదటి నెల. నువ్వు పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు."

"నేనా? ఛీ, అబద్ధం!"

"రోజులు లెక్కపెట్టుకున్నాను. ఈ ఇంట్లో అందరూ ఏ పుస్తకం చదవాలో అడిగి పోయేవాళ్లే, చదివాక దాని గురించి నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే. ఆట పోతే పోయింది, మాట పోకూడదనుకున్నాను."

నాకా ఆట గుర్తులేదు. పదకొండు రోజులూ గుర్తులేవు. "టీ పెట్టు" అన్నాను. ఆమె లేవబోతుంటే కూర్చోబెట్టి నేనే పెట్టాను.

సోమవారం ఆమె అభిప్రాయం నా చేత్తో ఎత్తిరాశాను. కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఒక్కో వాక్యం రాస్తుంటే, ఇది నాకెందుకు తట్టలేదా అని కడుపు మండుతూనే ఉంది. "మా ఇంట్లో ఒకరితో" దగ్గర పెన్ను ఆగింది. నా పరువు కోసమే అలా రాసి ఉంటుంది. అది కొట్టేసి వేరే మాట రాసి పోస్టు చేశాను.

రెండో ముద్రణ వచ్చాక పుస్తకం ఆమె చేతికిచ్చాను. వెనక అట్ట తిప్పి చదువుకుంటూ, మధ్యలో ఒకచోట వేలు పెట్టి ఆగిపోయింది.

"'మా అక్కతో' అని ఉందేంటి? ఇది నేను రాయలేదే!"

"నాకు తెలుసు," అన్నాను. "అది నేను రాశాను."