వరలక్ష్మీ వ్రతంలో రష్యన్ వాతావరణ వార్తలు

పొద్దున ఐసెలిన్‌లోని ఇండియన్ కొట్లో వ్రతానికి తమలపాకులు కొంటుంటే పక్క బుట్టలోని సోయికూర వాసన తగిలి నీనమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. నీనమ్మ అంటే మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే రష్యన్ ముసలావిడ నీనా. అమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్లిపోతే నన్ను పసితనం నుంచీ సాకింది ఆవిడే. మంచు కురిసే మధ్యాహ్నాల్లో వేడి బీట్‌రూట్ చారులో సోయికూర తుంచి వేసి, పైన ఇంత పుల్లమీగడ వేసి, నేను మారాం చేస్తే చదరంగం గుర్రాన్ని నా మోకాలి మీద గెంతిస్తూ చెంచాతో తినిపించేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అందుకని నాకు రష్యన్ వచ్చింది.

నాకు పదేళ్లప్పుడు వాళ్లబ్బాయి ఆవిడను ఫ్లోరిడా తీసుకుపోయాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. ఒక ఆదివారం ఉడుతను రష్యన్‌లో ఏమంటారో ఎంత తడుముకున్నా గుర్తురాక ఇంగ్లీషులో చెప్పేస్తే, అదేంటని ఆవిడ మళ్లీ మళ్లీ అడిగింది. ఇలాగే పోతే మా ఇద్దరి మధ్యా ఏ భాషా మిగలదని తెలిసి చచ్చేంత భయం వేసింది. మరిచిపోయేది లేదని మొండిపట్టు పట్టాను.

అప్పట్లో ఇంటర్నెట్ ఫోన్ లైను మీదే వచ్చేది. నాకు రష్యన్ మాట్లాడడమే గాని చదవడం రాదు, పైగా ఏ పేజీ తెరిచినా అక్షరాల బదులు ప్రశ్నార్థకాలూ ఖాళీ గళ్లూ కనిపించేవి. అయినా సరే, స్పీకర్ బొమ్మ ఉన్న చోటల్లా గుడ్డిగా నొక్కుకుంటూ పోయేదాన్ని. తపాలా బిళ్లంత వీడియోలో ఎవరో చదరంగం గురించి చెబుతుంటే పెదాలు కదిలిన ఎంతోసేపటికి మాట వినిపించేది. అరగంట కూర్చుని ఒక ఆడియో దించుకుంటే అమ్మ ఫోనెత్తేది, అంతా తెగిపోయేది.

"ఎంతసేపే ఆ లైను? అమ్మమ్మ చేస్తుందేమో," అనేది.

చివరికి ఒకరోజు వాతావరణ వార్తలు పూర్తిగా దిగాయి. ఆ గొంతు చేజారకూడదని టేప్ రికార్డర్‌ని స్పీకర్ దగ్గర పెట్టి, సొరుగులో దొరికిన క్యాసెట్ చిల్లులకి, రికార్డయ్యేలా టేపు అంటించి, దాని రెండోవైపు రికార్డు చేసుకున్నాను. పదేపదే విని, ఆదివారం నీనమ్మతో, "తీరప్రాంతాల్లో ఓ మోస్తరు వర్షాలు పడే అవకాశం ఉంది," అన్నాను. రేడియోలో ఉద్యోగం ఎప్పుడొచ్చిందని అడిగి దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఆ క్యాసెట్ అమ్మ వ్రతం క్యాసెట్. పురోహితుడు దొరకని ఆ రోజుల్లో దాన్ని పెట్టుకునే పూజ చేసేవారు: పసుపు వేయమంటే పసుపు, పూలంటే పూలు. ఆ శ్రావణ శుక్రవారం సాయంత్రం, పులిహోర, బూరెల వాసనల మధ్య, రెండోవైపు తిప్పగానే రష్యన్ మొదలైంది. చేతి అలవాటు కొద్దీ ఆడవాళ్లు దానికీ రెండుసార్లు అక్షతలు వేసేశారు.

అమ్మ స్నేహితురాలు లత ఆంటీకి కోపమొచ్చింది. "తెలుగే సరిగా రాదు పిల్లకి, ఈ రష్యన్ ఎందుకే? అవతల పారెయ్."

"నేను స్టాప్ చెయ్యను ఆంటీ," అన్నాను. "నీనమ్మతో టాక్ చెయ్యాలి నాకు."

అమ్మ నా వైపు ఉరిమినట్టు చూసింది. వీపు పగిలిందే అనుకున్నాను.

"నా బిడ్డకి అన్నం పెట్టినావిడ భాష అది, లతా. ఉండనీ," అంది. మిగతా పూజ గుర్తున్నంత మేర తనే చదివింది. మర్నాడు ఖాళీ క్యాసెట్ల కట్ట తెచ్చి నా ముందు పడేసి, "దేవుడివి మాత్రం ముట్టుకున్నావో, చూడు," అంది.

ఆ పేజీలేవీ ఇప్పుడు లేవు, మోడెమ్ కీచుమనే చప్పుడు లేదు, నీనమ్మా లేదు. ఆఖరి ఫోన్ దాకా మేం రష్యన్‌లోనే మాట్లాడుకున్నాం. అడిగితే ఫోనే పూజ చేయిస్తుంది, రష్యన్ కూడా వినిపిస్తుంది; అయినా మా ఇంట్లో వ్రతం ఆ క్యాసెట్‌తోనే. పనికిరాదన్న వాళ్లకి వేరే ఇళ్లున్నాయి.

ఈ సాయంత్రం కూడా రెండోవైపు తిప్పగానే ఆ గొంతు వచ్చింది. దాని మీదుగా అమ్మ మిగతా పూజ చదువుతోంది. తల నెరిసిన లత ఆంటీ, అక్షతలు గుప్పిట్లో పట్టుకుని నా వైపు వంగింది.

"ఏమంటున్నాడే? వానుందా?"

"ఉందట ఆంటీ," అన్నాను. ఆవిడ అక్షతలు వేసింది.