అప్పగింతల పాటకు చరణం ఉంది

మా వాడకట్టులో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ఆడవాళ్లు మొదట అడిగేది పిల్లగాడు ఏం చేస్తాడని కాదు, బ్యాండు ఎవరిదని. పెద్దపల్లి బ్యాండు అని తెలిస్తే చాలు, ముఖాలు విచ్చుకునేవి. అందులో క్లారినెట్ వాయించే మాస్టారు మా అవ్వ, అంటే మా అమ్మ, పెళ్లికీ వాయించాడట. నేను బీడీలు చుట్టడం నేర్చుకునే నాటికి ఆయన మీసాలు నెరిశాయి గానీ ఊపిరి తగ్గలేదు. సినిమా పాటలు ఎవరైనా వాయిస్తారు. మా మాస్టారు సొంతంగా కట్టిన పాటలు మూడు ఉండేవి. పెళ్లికొడుకు వాళ్లకు ఎదురెళ్లి తీసుకొచ్చే ఎదురుకోళ్లకు ఒకటి, ఊరేగింపుగా సాగే బరాత్‌కు ఒకటి, పిల్లను సాగనంపే అప్పగింతలకు ఒకటి. ఈ మూడింట్లో ఏది గొప్పదో తేల్చడానికి మేం ఎన్ని బీడీలు చుట్టామో చెప్పలేను.

మధ్యాహ్నం వంటలయ్యాక మా ఇంటి అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. తునికాకు కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం చేతుల పని. నోరు ఖాళీనే కదా. పక్కింటి పిల్ల నా ఈడుది, ఎదురుకోళ్ల పాట పక్షం. మా పెద్దమ్మ బరాత్ పాట పక్షం. ఆ పాట వింటే మోకాళ్ల నొప్పులు కూడా లేచి ఆడతాయనేది. నేను అప్పగింతల పాట పక్షం. అవ్వ ఏ పక్షమూ కాదు, తల వంచుకుని అందరికంటే ఎక్కువ కట్టలు కట్టేది.

నాది ఒంటరి పోరాటం. ఎందుకంటే అప్పగింతల పాటను పూర్తిగా విన్నవాళ్లు మా దిక్కు ఒక్కరూ లేరు. అప్పగింతల వేళ ముందు పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని ఏడవాలి. అప్పుడు తల్లి అందుకుంటుంది, ఆ తర్వాత చిన్నమ్మలు, మేనత్తలు అందరూ శోకం తీస్తారు. ఏడుపు లేవగానే మాస్టారు మర్యాదగా క్లారినెట్ దించేవాడు. పల్లవి రెండు చుట్లు తిరిగేలోపే ఆ ఏడుపు లేచేది. పోనీ ఇంకెప్పుడైనా వాయించమందామంటే, పెళ్లి లేని చోట ఆ పాట వాయిస్తే అరిష్టమని ఒప్పుకునేవాడు కాదు.

"గా రెండు ముక్కలనే తిప్పి తిప్పి వాయిస్తడు. చరణం లేదు, ఏం లేదు. అది పాటనా?" అనేది పక్కింటి పిల్ల.

"ఉన్నది. రెండో చుట్టు అయినంక ఇంకెటో మలుగబోతడు, నేను ఇన్న. గంతల్నే మీరు ఏడ్పులు మొదలువెడ్తరు," అనేదాన్ని నేను.

"నువ్వు ఒక్కదానివే ఇన్నవా? మా చెవుల్ల దూది ఉన్నదా?"

ఉన్నదనే అన్నాను. నాకు ఓడిపోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. మంథని దిక్కు సంబంధం కుదిరి, మా బాపు ఆ బ్యాండుకే బయానా డబ్బులు ఇచ్చి వచ్చిన రోజున నేను అరుగు మీద అందరి ముందు ప్రకటించాను.

"నా పెండ్లిల నేను ఏడ్వ. ఒక్క చుక్క రానియ్య. నేను ఏడ్వకపోతే ఎవ్వరూ ఏడ్వరు గదా, పాట మొత్తం ఇందాం. చరణం ఉంటే నాదే పెద్ద పాట అని అందరు ఒప్పుకోవాలె."

"లేకుంటే?" అంది పక్కింటి పిల్ల.

"లేకుంటే మళ్ల గీ అరుగు మీద పాట ముచ్చటే ఎత్త."

పెద్దమ్మ నవ్వి, "సూద్దాం తియ్యి. అందరు గట్లనే అంటరు. గడప దాటంగనే కండ్లు ఆగయి," అంది. అవ్వ తెగిన దారం ముడి వేసుకుంటోంది.

పెళ్లి బాగా జరిగింది. ఎదురుకోళ్ల పాటకు పక్కింటి పిల్ల నా వైపు చూసి కళ్లెగరేసింది. బరాత్ పాటకు పెద్దమ్మ నిజంగానే ఆడింది. నాకు ఏ ఫికరూ లేదు. నా వంతు ఇంకా రాలేదు, అంతే.

అప్పగింతలు పొద్దు వాలకముందే మొదలయ్యాయి. జీపు వాకిట్లో నిలబడింది. బాపు నా చేతులు అత్తగారి చేతుల్లో పెట్టి పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మాస్టారు క్లారినెట్ ఎత్తాడు. అవ్వ వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుంది. పల్లవి ఒక చుట్టు అయింది. నేను పెదవి కొరుక్కుని అవ్వ భుజం మీదుగా మాస్టారినే చూస్తున్నాను. రెండో చుట్టు కూడా అయింది. ఆడవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. మాస్టారు అలవాటుగా క్లారినెట్ దించబోయాడు, ఏడుపు వినపడలేదు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. నేను తల ఊపాను.

చరణం వచ్చింది. కిందికి, బాగా కిందికి దిగి, అక్కడ కాసేపు నిలబడి, మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కి, పైకి చేరాక చిన్నగా నవ్వినట్టు మళ్లీ పల్లవిలో కలిసింది. అంత మంచి పాట నేను అంతకు ముందు వినలేదు, ఇప్పటిదాకా వినలేదు. పక్కింటి పిల్ల నోరు తెరిచి నిలబడింది. డోలు కొట్టేవాళ్లు కూడా మాస్టారినే చూస్తున్నారు, వాళ్లకూ అది కొత్తే అనుకుంటాను. మా అత్తగారి తరఫు ఆడవాళ్లలో ఒకావిడ, "పిల్ల మస్తు గట్టిదున్నది," అంది. అది పొగడ్తనే అనుకున్నాను. పాట అయిపోయాక అవ్వ నా భుజాలు వదిలి, "పైలం బిడ్డా," అంది. నేను గెలిచిన ముఖంతో జీపెక్కాను.

నాలుగో రోజు ఆయనతో కలిసి పుట్టింటికి వచ్చాను. కాళ్లు కడుక్కున్నానో లేదో, అరుగు మీద పంచాయితీ పెట్టించాను. చరణం మొత్తం కూనిరాగం తీసి వినిపించాను, ఒక్క మలుపు కూడా తప్పలేదు. పక్కింటి పిల్ల, "సరే తియ్యే, నీదే పెద్ద పాట," అని ఒప్పుకుంది. పెద్దమ్మ బరాత్ పాటను రెండో స్థానానికి దించడానికి ఒప్పుకుంది. ఇక ఒక్క ఓటే మిగిలింది. ఎన్నడూ ఏ పక్షమూ చేరని అవ్వ ఓటు. పొయ్యి దగ్గర అల్లుడికి కూర వండుతుంటే వెనక నుంచి వెళ్లి పట్టుకున్నాను.

"అవ్వా, నువ్వన్న చెప్పు. గా చరణం ఎట్లున్నది?"

అవ్వ గరిటె ఆపలేదు. "నాకేమెరుక బిడ్డా, నేను పాట ఇనలే."

"ఇనలేదా? నా ముందటనే నిలవడితివి గదనే!"

"నువ్వు ఎప్పుడు ఏడుస్తవా అని నీ మొఖమే సూసుకుంట నిలవడ్డ. బిడ్డ ఏడ్వంది తల్లి ఎట్ల ఏడుస్తది? నువ్వు నవ్వుకుంట జీపెక్కితివి. మీరు పోయినంక లోపలికి వచ్చిన, సుట్టాలందరు ఉండిరి, బువ్వలు వెట్టిన. ఇగ ఏడుద్దామంటే నాకు జాగ దొరకలే."

అవ్వ మెడ పట్టుకుని బయటి వాళ్లకు వినపడేంత గట్టిగా ఏడ్చాను. అవ్వ గరిటె కింద పెట్టి, నాలుగు రోజులుగా దాచుకున్నదంతా అందుకుంది.